తొమ్మిదో నెలకు కులం ఉండదా? (ఏడో భాగం)



అసైన్డ్ భూముల మీద ఈ వారం రాస్తానని పోయిన భాగం చివర మాటిచ్చాను. దాన్ని వచ్చే వారానికి జరుపుతున్నాను. కారణం ఒక ఫోన్.

మొన్న రాత్రి పదకొండు దాటాక ఒక చెల్లె ఫోన్ చేసింది. పీజీ చదువుతోంది. ముప్పై ఆరో వారం. "అక్కా, డేటు దగ్గరికొచ్చింది. ఏం జరుగుతదో ఎవ్వరూ సక్కగ చెప్తలేరు. అమ్మనడిగితే 'టైమొస్తే అదే తెలుస్తది తియ్యి' అంటది. దవాఖానల నర్సమ్మనడిగితే 'సదువుకున్నవు గదా, నీకు తెల్వదా' అని కసిరింది. యూట్యూబ్‌ల చూస్తే వాళ్ళు చెప్పేది ఒక్కటి గూడ మా ఇంట్ల లేదు" అంది.

ఆ చివరి మాట నన్ను నిద్రపోనివ్వలేదు. లేచి ఆ వీడియోలు నేనూ చూశాను. మోకాళ్ళ మధ్య మెత్తటి దిండు పెట్టుకోమంటారు. బరువులు ఎత్తొద్దంటారు. మనసుకు హాయిగా ఉండే సంగీతం వినమంటారు. పుట్టబోయే బిడ్డ గదికి రంగులు ఎంచుకోమంటారు. సలహాలు తప్పని అనను. కానీ అవి ఎవరికి చెప్తున్నారు? ఐదుగురు పడుకునే ఒక్క గదిలో దిండు ఎక్కడిది? వీధి చివర నల్లా నుంచి బిందె మోసేది ఎవరు? నవంబరులో పత్తి ఏరుడు మీదున్నప్పుడు కడుపుతో ఉన్న మనిషి కూలి మానేస్తే ఆ వారం ఇల్లు ఎట్లా గడవాలి? ఆ వీడియోల్లోని గర్భిణికి ఆకలి లేదు, అప్పు లేదు, అత్తగారింట్లో బాత్రూమ్ లేకపోవడం లేదు. ఆమె కులం ఎవరూ చెప్పరు. చెప్పక్కర్లేదు కాబట్టి.

ఈ విషయం స్టడీ సర్కిల్‌లో పెడదామంటే ఒక అన్న "అది ఆడవాళ్ళ సంగతి గదా, మనం రాజకీయాలు మాట్లాడుకుందాం" అన్నాడు. అన్నా, నీ గోడ మీద ఎవరి ఫోటో ఉందో ఒకసారి చూడు. మహద్ చెరువు నీళ్ళు ముట్టిన మరుసటి ఏడాది, 1928లో, బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు వచ్చింది. ఆ బిల్లును సమర్థిస్తూ బాబాసాహెబ్ లేచి మాట్లాడాడు. కాన్పుకు ముందూ, తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే అవసరమని, ఆ ఖర్చులో ప్రభుత్వానికి బాధ్యత ఉందని వాదించాడు. 1929లో ఆ చట్టం వచ్చింది. ఆయనకు అది రాజకీయం. నీకెందుకు కాలేదు?

సరే. ముందు చెల్లె అడిగినదానికి జవాబు చెప్తాను. మిగతా మీరందరూ వినండి, మగపిల్లలు మరీ వినండి. రేపు అర్ధరాత్రి మీ ఇంట్లో నిర్ణయం తీసుకోవాల్సింది మీరే కావచ్చు.

చెల్లే, ఆ డేటును ముహూర్తం అనుకోకు. ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి నలభై వారాలు లెక్కేసి వేసిన అంచనా అది. సరిగ్గా ఆ రోజే పుట్టే పిల్లలు తక్కువ. 37 వారాలు నిండకముందే నొప్పులొస్తే బిడ్డకు నెలలు నిండనట్టు, వెంటనే పెద్దాసుపత్రికి పోవాలి. 41 వారాలు దాటుతుంటే "వస్తదిలే" అని ఇంట్లో కూర్చోవద్దు.

తొలి కాన్పయితే ఈ వారాల్లో బిడ్డ తల కిందికి దిగుతుంది. ఊపిరి కొంచెం తేలికవుతుంది, కానీ మూత్రానికి మాటిమాటికీ లేవాలి, తొడల సందున బరువుగా గుంజుతుంది. నిద్ర పట్టదు. గుండెలో మంట, నడుము నొప్పి, సాయంత్రానికి పాదాల్లో నీరు మామూలే. వెల్లకిలా పడుకోకు, పక్కకు తిరిగి పడుకో. దిండు లేకపోతే పాత చీర మడిచి పెట్టుకో.

పొట్ట ఉండుండి గట్టిపడి వదులుతుంది. అవి దొంగ నొప్పులు. వాటికి వరస ఉండదు. నీళ్ళు తాగి, నాలుగడుగులు నడిచి, కాసేపు పడుకుంటే తగ్గిపోతాయి. అసలు నొప్పులు తగ్గవు. నడుము నుంచి ముందుకు చుట్టుకొస్తాయి, రానురాను దగ్గరపడతాయి, బలం పెరుగుతుంది. ఐదు నిమిషాలకోసారి వచ్చి, నిమిషం సేపు ఉండి, అట్లా గంట నడిస్తే కదలాలి. ఇది దవాఖాన దగ్గరున్నవాళ్ళ లెక్క. మన తండాకు, గూడేనికి బండి రావడానికే గంట పడుతుంది. అందుకని నువ్వు ఇంకా ముందే బయల్దేరు.

రక్తపు చారలతో జిగురు కనబడితే భయపడకు, నొప్పులు దగ్గర్లో ఉన్నాయని గుర్తు. అవి గంటల్లో రావచ్చు, రోజులూ పట్టొచ్చు. ఉమ్మనీరు ఒక్కసారిగా పోవచ్చు, చుక్కచుక్కగా కారనూ వచ్చు. నొప్పులున్నా లేకున్నా నీళ్ళు పోతే ఆస్పత్రికే. నీళ్ళు పచ్చగానో గోధుమరంగులోనో ఉంటే ఒక్క నిమిషం కూడా ఆగొద్దు.

ఇవి గోడ మీద రాసి పెట్టుకోండి: ఎర్రగా రక్తం పోవడం, తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు కమ్మడం, ముఖం చేతులు ఒక్కసారిగా ఉబ్బడం, పొట్ట పైభాగంలో నొప్పి, జ్వరం, ఫిట్స్, బిడ్డ కదలికలు తగ్గడం. "చివరి నెలలో చోటు చాలదు, బిడ్డ కదలదు" అని అందరూ అంటారు. అబద్ధం. కాన్పు దాకా బిడ్డ కదులుతూనే ఉండాలి. తగ్గినట్టు అనిపిస్తే రేపటిదాకా చూడొద్దు.

మా పెద్దమ్మ బిడ్డకు రెండు రోజులు తలనొప్పి వస్తే దిష్టి తీశారు. మూడో రోజు ఫిట్స్ వచ్చాయి. మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. బీపీ కొలిచే మిషను సబ్‌సెంటర్లో ఉంటుంది. 140/90 దాటితే అది దిష్టి కాదు. ఆ రోజు ఇంజెక్షన్లు ఇచ్చి, ఆపరేషన్ చేసి తల్లినీ బిడ్డనూ దక్కించింది సర్కారు దవాఖానే. ఈ మాట కింద మళ్ళీ పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

ఇంకో రెండు అబద్ధాలు. ఐరన్ బిళ్ళలు మింగితే బిడ్డ నల్లగా పుడుతుందంటారు. తక్కువ తింటే బిడ్డ చిన్నగా ఉండి కాన్పు సులువవుతుందంటారు. ఐరన్‌తో మలం నల్లబడుతుంది, బిడ్డ కాదు. అయినా నల్లగా పుడితే ఏమైంది? కుంకుమపువ్వు అమ్ముకునేవాడు నూరిపోసిన భయం మన గూడెందాకా వచ్చి, మన ఆడపిల్లల రక్తం తాగుతోంది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తం తక్కువ. రక్తం తక్కువున్న మనిషికి కాన్పులో పోయే రక్తమే ప్రాణం తీస్తుంది.

ఇది ఒంటి సంగతి. ఇక కులం సంగతి.

మా నాయనమ్మ మంత్రసాని. మాదిగ గూడెం నుంచి దొర గడీ దాకా ఆ చుట్టుపక్కల పిల్లలు ఆమె చేతుల్లోనే పడ్డారు. గడీలోకి ఆమె దొడ్డి దర్వాజ నుంచే పోయేది. బొడ్డు కోసేది, మాయ పూడ్చేది, రక్తపు బట్టలు ఉతికేది. పురుడు వెళ్ళేదాకా లోపలికి రానిచ్చేవాళ్ళు. పురుడు వెళ్ళిన రోజు ఆమె తిరిగిన చోటంతా కడుక్కునేవాళ్ళు. మైల వాళ్ళింటిది, కడిగేది మేము, ఆఖరికి మైల అయ్యేది కూడా మేమే. ఇచ్చేది మానెడు వడ్లు, ఒక పాత చీర.

ఆ పనికి గౌరవం, జీతం, తెల్లకోటు వచ్చేసరికి మా నాయనమ్మలు అందులో లేరు. బిడ్డ ఏ వైపు తిరిగిందో చేత్తో చెప్పగలిగిన మనిషికి చదువు లేదన్నారు. చదువు ఎవరు ఇవ్వలేదో ఎవరూ అడగలేదు. అట్లాగని ఇంటి కాన్పులే మేలని నేను అనను. తన చేతుల్లో పోయిన తల్లుల పేర్లు నాయనమ్మ చనిపోయేదాకా తలుచుకునేది. ఆమెకు కావాల్సింది పొగడ్త కాదు. శిక్షణ, గ్లవ్స్, ఒక బండి.

ఇప్పుడు నా సంగతి. పదకొండేళ్ళయింది. ఇంతవరకు ఎక్కడా రాయలేదు.

అదొక ప్రభుత్వ ఆస్పత్రి. పేరు రాయను, ఎందుకంటే ఇది ఒక్క ఆస్పత్రి కథ కాదు. చేర్చుకునేటప్పుడు అడ్రసు అడిగారు. ఎస్సీ కాలనీ అన్నాను. అక్కణ్ణుంచి "మీరు" పోయి "నువ్వు" వచ్చింది, కాసేపటికి "ఏయ్" వచ్చింది. అమ్మను గేటు బయట ఆపేశారు. నొప్పికి అరిస్తే తొడ మీద కొట్టారు. "అప్పుడు లేని నొప్పి ఇప్పుడొచ్చిందా" అన్నారు. కోత పెడుతున్నామని చెప్పలేదు. కుట్లు వేసేటప్పుడు మత్తు సరిగ్గా ఎక్కలేదని చెప్తే వినలేదు. పక్క మంచం మీద సర్పంచి కోడలుంది. ఆమెను పేరు పెట్టి, "అమ్మా" అని పిలుస్తున్నారు. అదే గది, అదే డ్యూటీ, అవే చేతులు.

నా చెయ్యి పట్టుకుంది ఒక్క ఆయమ్మే. ఆమెదీ మా కులమే. బిడ్డను బయట అమ్మకు చూపించి ఐదు వందలు అడిగిందీ ఆమే. కోపం వచ్చింది. తర్వాత తెలిసింది, ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ఆమెకు మూడు నెలలుగా జీతం ఇవ్వలేదని. మనల్ని మన చేతనే దోపిడీ చేయించే ఏర్పాటు ఎట్లుంటదో ఆ రోజు చూశాను.

ఏప్రిల్ 14న స్టేజీ మీద గంట మాట్లాడే దాన్ని, ఆ రోజు ఒక్క మాట మాట్లాడలేదు. డిశ్చార్జి అయ్యాక కూడా ఫిర్యాదు రాయలేదు. లోపల ఉన్నంతసేపు బిడ్డ వాళ్ళ చేతుల్లో ఉంది. బయటికొచ్చాక "ప్రాణాలతో ఉన్నాంగా, పోనీ" అనుకున్నాను. నేను వదిలేసిన ఆ ఫిర్యాదు ఖరీదు నా తర్వాత ఆ మంచమెక్కినవాళ్ళు చెల్లించారు. అందుకే ఈ వ్యాసం.

"ఇంతకంటే ప్రైవేటే నయం" అంటారు కొందరు మనవాళ్ళే. రండి, అదీ చూద్దాం. అదే సర్వేలో, 2019-21 లెక్కల్లో, తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం ఆపరేషన్లు. ప్రైవేటులో 81.5 శాతం. దేశం మొత్తం మీద 21.5 శాతం. తెలంగాణ ఆడవాళ్ళ ఒంటికి ప్రత్యేకంగా ఏమైంది? ఏమీ కాలేదు. నొప్పులకు పన్నెండు గంటలు పక్కన కూర్చుంటే రాని డబ్బు, కత్తి పెడితే ముప్పావు గంటలో వస్తుంది. పైగా పంతులు పెట్టిన గడియకు బిడ్డను తీయించుకునే వేలం వెర్రి ఒకటి. అవసరం లేకుండా 39 వారాల ముందే తీస్తే బిడ్డకు ఊపిరి ఇబ్బందులు రావచ్చని డాక్టరుకు తెలుసు. అయినా పంచాంగం చూసి థియేటర్ బుక్ చేస్తారు. నక్షత్రం బాగుండాలని వాళ్ళు కోయించుకుంటే, అదే అలవాటు రివాజై మన పిల్ల పుస్తెలు కుదువబెట్టి కోయించుకుంటోంది. నెల తిరక్కుండానే కుట్ల మీద బరువు మోస్తోంది.

ఆపరేషన్ చెడ్డదని కాదు. మా పెద్దమ్మ బిడ్డ బతికింది దానివల్లే. అవసరమున్న తల్లికి అందాలి, అవసరం లేని తల్లికి అంటగట్టకూడదు. "ఎందుకు చేస్తున్నారు? ఆగితే ఏమవుతుంది?" అని అడిగే హక్కు నీది. ఆ రెండు ప్రశ్నలు నేర్చుకో చెల్లే.

ఇక విశ్రాంతి. 1961 చట్టానికి 2017లో చేసిన సవరణ మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల జీతంతో సెలవు ఇచ్చింది. అందులో ఎనిమిది వారాలు కాన్పుకు ముందే తీసుకోవచ్చు. మంచిదే. పది మంది లోపు పనిచేసే దుకాణానికి అది వర్తించదు. పత్తి చేనుకు, ఇటుక బట్టీకి, ఇళ్ళల్లో పాచిపనికి అసలే అందదు. 2013 ఆహార భద్రతా చట్టం ప్రతి గర్భిణికీ కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలని రాసింది. కేంద్రం పథకం దగ్గరికొచ్చేసరికి మొదటి బిడ్డకు 5,000 అయింది, రెండోసారి ఆడపిల్ల పుడితేనే 6,000 అయింది. రోజుకు 300 కూలి వేసుకున్నా 5,000 అంటే పదహారు రోజులు. ఉద్యోగికి 26 వారాలు, కూలిదానికి పదహారు రోజులు! నొప్పులు మాత్రం ఇద్దరికీ ఒకటే. దళిత స్త్రీ అగ్రకుల స్త్రీ కంటే సగటున 14.6 ఏళ్ళు ముందు చనిపోతోందని యూఎన్ విమెన్ 2018లో చెప్పింది. ఆ ఏళ్ళు ఎక్కడ పోతున్నాయని ఆశ్చర్యపోయేవాళ్ళు తొమ్మిదో నెలలో చేనుకు రండి.

1863లో పుణేలో సావిత్రిబాయి, జోతిరావు ఫూలేలు గర్భంతో ఉన్న బ్రాహ్మణ వితంతువుల కోసం ఇల్లు తెరిచారు. అవమానం లేకుండా కనే చోటు ఇచ్చారు. అట్లా పుట్టిన ఒక బిడ్డను దత్తత తీసుకుని డాక్టరును చేశారు. కులం అడగకుండా పురుడు పోయడం ఎట్లాగో మనం ఎప్పుడో చేసి చూపించాం. మాకు తిరిగి అంతే మర్యాద ఇవ్వండని అడిగితే అది గొంతెమ్మ కోరికా?

కాబట్టి పని చెప్తాను. రాసుకోండి.

ఒకటి. 2011 నుంచి జననీ శిశు సురక్ష కింద సర్కారు దవాఖానలో కాన్పు, ఆపరేషన్, మందులు, పరీక్షలు, భోజనం, రక్తం, రానూపోనూ బండి అన్నీ ఉచితం. ఎవరైనా డబ్బడిగితే రశీదు అడగండి.

రెండు. ప్రతి నెల 9వ తేదీన గర్భిణులకు డాక్టరు ఉచితంగా చూస్తారు. మీ గూడెంలో ఆరు నెలలు దాటిన ప్రతి మనిషినీ ఆ రోజు తీసుకుపోవడం యువజన సంఘం పని. బైకులు ర్యాలీలకేనా?

మూడు. కాన్పు గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండొచ్చని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే సర్కారు దవాఖానలకు చెప్పింది. గేటు దగ్గర ఆపితే ఆ మాట చెప్పండి. సూపరింటెండెంట్ పేరు అడగండి. తోడు మనిషి ఉన్న గదిలో చెయ్యి లేవదు.

నాలుగు. జయంతికి రక్తదాన శిబిరం పెట్టి ఫోటోలు దిగుతాం గదా. ఈసారి గ్రూపుల వారీగా పేర్లు, నంబర్లు రాసి ఆశా అక్కకు ఇవ్వండి. చివరి వారాల్లో ఉన్న ప్రతి తల్లికీ ఇద్దరు దాతలు ముందే సిద్ధంగా ఉండాలి.

ఐదు. చదువుకునే చెల్లెళ్ళకు: పీహెచ్‌డీ చేస్తున్నవాళ్ళకు 240 రోజుల ప్రసూతి సెలవు యూజీసీ నిబంధనల్లో ఉంది. డిగ్రీ, పీజీ వాళ్ళకూ హాజరులో, పరీక్ష దరఖాస్తుల గడువులో సడలింపు ఇవ్వమని 2021 డిసెంబరులో యూజీసీ యూనివర్సిటీలకు రాసింది. హాజరు తక్కువైందని ఎవరైనా భయపెడితే ఆ ఉత్తరం తీసి చూపించు.

ఆరు. కొట్టినా, తిట్టినా తేదీ, టైము, డ్యూటీలో ఉన్నవాళ్ళ పేర్లు రాసిపెట్టుకోండి. కులం పేరుతో దూషిస్తే 1989 చట్టం ఉంది. బాలింత పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరగలేదు, ఆమె తరఫున మనం తిరగాలి. అదే సమయంలో ఆయమ్మల జీతాల కోసం, నర్సుల ఖాళీల భర్తీ కోసం కూడా మనమే ధర్నా చేయాలి. నలుగురు చేయాల్సిన డ్యూటీ ఒక్క నర్సు మీద పడేస్తే ఆ కోపం చివరికి మన పిల్ల తొడ మీదే పడుతుంది.

ఏడు, మగవాళ్ళకు మాత్రమే. ఈ వారాల్లో బిందె నువ్వు మొయ్యి. పొయ్యి నువ్వు ముట్టించు. ఫోన్‌లో చార్జింగ్ ఉంచు. మహిళా విముక్తి మీద ఉపన్యాసం తర్వాత ఇద్దువు గాని.

చెల్లే, నిన్ను భయపెట్టడానికి ఇదంతా రాయలేదు. నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి రాశాను. నీ సంచిలో తల్లీబిడ్డల కార్డు, ఆధార్, పాత చీరలు రెండు, బిడ్డకు ఉతికిన బట్టలు పెట్టుకో. నా నంబరు కార్డు వెనక రాసుకో. నొప్పులు మొదలైతే ఏ టైమైనా ఫోన్ చెయ్యి. మీ అమ్మతో పాటు నేనూ గేటు దగ్గరుంటా. ఈసారి నోరు మూసుకోను.

వచ్చే భాగం అసైన్డ్ భూములు. అప్పటికి మన చెల్లె కబురు కూడా చెప్తాను.

జై భీమ్.